ఒకే వంట నిబంధన

ఇంటి అద్దె సాయం ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని అత్తగారు తనకోసం మూడుసార్లు చదువుకుని, నాలుగోసారి కోడలికి వినిపించింది. ఆవిడ వినిపించడం అంటే మామూలుగా ఉండదు. ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆ రోజుల్లో ట్రంకు కాల్ అంటే ఇవతలివాళ్ళూ అవతలివాళ్ళూ గొంతు చించుకునేవాళ్ళు. మధ్యలో కూర్చున్న ఆపరేటరు ఇద్దరికంటే గట్టిగా అరవాలి. రిటైరై పదేళ్ళయినా ఆవిడ గొంతు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

"గురువారం పదకొండు గంటలకి తనిఖీ. ఇంట్లో ఉంటున్నవాళ్ళందరూ హాజరు కావాలట. విన్నావా?"

"కింద సైకిల్ షాపతను కూడా విన్నాడు అత్తయ్యా," అంది కోడలు చెప్పులు విప్పుకుంటూ.

ఆ ఇల్లు వాళ్ళ సొంతం కాదు. రెండు గదులు, ఒక వంటిల్లు, నాలుగు బట్టలు ఆరేసుకునేంత బాల్కనీ. అద్దెలో సగానికి పైగా ప్రభుత్వం కడుతుంది, మిగతాది కోడలు కడుతుంది. ప్రభుత్వం ఊరికే కడుతుందా? ప్రజల సొమ్ము కదా, నాలుగేళ్ళకోసారి ఒక ఇన్‌స్పెక్టరుని పంపించి ఇంట్లో ఎవరెవరున్నారు, ఒకరికొకరు ఏమవుతారు అని ఆరా తీయిస్తుంది. పోయిన తనిఖీలో ఆ ప్రశ్నకి జవాబు నాలుక చివరే ఉండేది. భర్త, భార్య, భర్తగారి తల్లి. ఈ నాలుగేళ్ళలో ఆ జాబితాలోంచి భర్తగారు తప్పుకున్నారు. తప్పుకుని వేరే ఊళ్ళో, వేరే ఆవిడతో, వేరే కాపురం పెట్టారు. కోర్టువాళ్ళు విడాకుల కాగితం ఇచ్చారు గానీ, తల్లి ఎవరి వాటాకి వస్తుందో అందులో రాయలేదు.

కొడుకు సామాను సర్దుకుంటున్న రోజున అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "నా పెట్టె కూడా సర్దుకోమంటావా?" అని కోడల్ని అడిగింది. "మీ బీపీ మాత్రలు అయిపోయాయి, సాయంత్రం తెస్తాను," అంది కోడలు. ఆ ఒక్క మాట మీద ఆవిడ ఉండిపోయింది. ఆ విషయం మీద వాళ్ళిద్దరూ మళ్ళీ నోరెత్తింది లేదు.

అలాగని ఇద్దరూ ఒకరి మెడ ఒకరు కౌగలించుకుని బతుకుతున్నారని అనుకునేరు! వంటింట్లో మాత్రం ఉప్పూ నిప్పూ. అత్తగారికి కూర మెత్తగా ఉడికిపోవాలి, కారం పేరెత్తకూడదు, సాయంత్రం ఏడు కొట్టేసరికి కంచం కడిగేసి ఉండాలి. కోడలు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి, పొద్దస్తమానం నిలబడి, ఎనిమిదిన్నరకి ఇల్లు చేరుతుంది. నాలుక చుర్రుమంటే గానీ ఆ అమ్మాయికి తిన్నట్టుండదు. రెండేళ్ళ క్రితం ఒక మూకుడు మాడింది. ఎవరు మాడ్చారన్న దాని మీద మాటా మాటా పెరిగింది. మర్నాడు కోడలు ఒక ఇండక్షన్ స్టవ్ కొనుక్కొచ్చుకుంది. అప్పట్నించీ వంటగట్టు మీద ఎడమవైపు నాలుగు టైల్సు అత్తగారివి, కుడివైపు నాలుగు టైల్సు కోడలివి. మధ్య టైలు ఎవరిదీ కాదు. దాని మీద ఉప్పు డబ్బా ఉంటుంది.

ఉత్తరంతోపాటు నిబంధనల పుస్తకం కూడా వచ్చింది. ఇలాంటి పుస్తకాలు అచ్చువేసినవాళ్ళు కూడా చదవరు. అత్తగారు చదివింది. భూతద్దం పెట్టుకుని మరీ చదివింది.

"పద్నాలుగోది విను. 'రక్తసంబంధము గానీ వివాహ సంబంధము గానీ లేని వ్యక్తులు, ఒకే వంట తినుచు ఒకే ఇంట నివసించుచున్నచో, వారిని ఒకే కుటుంబముగా పరిగణించవచ్చును.'"

"మనకోసమే రాసినట్టుందిగా!"

"తొందరపడకు. కింద చీమ తలకాయంత అక్షరాలున్నాయి. 'వంటగదిలో ఒకటికి మించి పొయ్యిలున్నచో, అచ్చట ఒకటికి మించి కుటుంబములున్నట్లు భావించవలెను.'"

కోడలు వంటింట్లోకి చూసింది. ఎడమవైపు అత్తగారి పాత కాయిల్ స్టవ్, కుడివైపు తన ఇండక్షన్. తన స్టవ్ అద్దం మీద గీతలు పడకుండా ఎప్పుడూ ఒక వెడల్పాటి బేసిన్ బోర్లించి పెడుతుంది.

ఇద్దరూ ఒక కుటుంబం కాదని తేలితే ఏమవుతుందో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అరవై రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఒంటరి మనిషికి రెండు గదుల ఇల్లు ఇవ్వరు. కోడలికి ఊరి అవతల ఎక్కడో ఒంటిగది ఇస్తారు. అత్తగారి పేరు వృద్ధుల జాబితాలో చేరుస్తారు. ఆ జాబితా ఏడేళ్ళ పొడవుంది. అత్తగారికి అరవై ఎనిమిది. అంతవరకూ కొడుకు దగ్గరికి పోవచ్చు. ఫోన్ చేస్తే ఆయనగారు, "మా ఇల్లు ఇరుకమ్మా, నీకు తెలుసుగా," అంటాడు. ఆవిడకి తెలియదు. ఒక్కసారి కూడా రమ్మనలేదు మరి.

కాబట్టి ఒక స్టవ్ తీసెయ్యాలి. ఇంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. ఏది తీసెయ్యాలన్న దగ్గర పేచీ మొదలైంది.

"నాది తీసేస్తే నేనేం తినాలి? నీ నిప్పులా?"

"మీది పెడితే మీటరు గిర్రున తిరుగుతుంది అత్తయ్యా. నీళ్ళు కాగడానికే అరగంట."

"మొదటి జీతంతో కొనుక్కున్న స్టవ్ అది. నువ్వప్పటికి పుట్టావో లేదో!"

"అదే నేనూ అంటున్నా. దానికీ రిటైర్మెంటు ఇవ్వండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్తగారు పుస్తకం టపీమని మూసేసి గదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇంట్లో పిన్ను పడితే వినిపించేంత నిశ్శబ్దం. సైకిల్ షాపతను పైకొచ్చి, "అమ్మగారికి ఒంట్లో బావుందా?" అని అడిగి వెళ్ళాడు.

గురువారం పొద్దున్న అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు వంటగట్టు ముందు నిలబడింది. పెద్దావిడకి ఈ వయసులో ఇండక్షన్ బటన్లు ఎవరు నేర్పుతారు? వేలు పెడితే ఒకసారి కుయ్యిమంటుంది, ఒకసారి అనదు. ఆ కాయిల్ స్టవ్ ఎర్రబడటం చూస్తేనే గానీ ఆవిడకి వంట మొదలైనట్టుండదు. 'పోనీలే, నాదే తీసేద్దాం' అనుకుంది. చెప్పి తీసేస్తే గెలిచినట్టు ఆవిడ మొహం పెడుతుంది, అది చూడటం తన వల్ల కాదు. అందుకని చప్పుడు చెయ్యకుండా స్టవ్‌ని సంచిలో పెట్టి, బేసిన్‌ని ఎప్పట్లాగే బోర్లించేసి, షాపుకి పట్టుకుపోయి అరగదీసే మిషను బల్ల కింద దాచింది. యజమానిని రెండు గంటలు సెలవడిగి, పదకొండవుతుండగా వెనక్కొచ్చింది.

మెట్ల దగ్గరే ఇన్‌స్పెక్టరు కనిపించాడు. ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ ఎక్కుతున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతోంది. కోడలి చూపు ముందు అక్కడికే వెళ్ళింది.

"మీ కళ్ళజోడు స్క్రూ వదులైంది సార్. నిమిషంలో బిగిస్తాను."

"వద్దమ్మా. తనిఖీకి వచ్చినప్పుడు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. నిబంధన," అన్నాడాయన. చెడ్డవాడిలా లేడు. నిజానికి అదే భయం. చెడ్డవాడైతే ఎలాగోలా మాట్లాడుకోవచ్చు, నిబంధనల మనిషితో వేగడం ఎవరి తరం?

అత్తగారు ఇస్త్రీ చీరలో, తలుపు దగ్గర సిద్ధంగా ఉంది. మొహంలో ఏదో ఘనకార్యం చేసిన కళ. ఇన్‌స్పెక్టరు గదులు చూశాడు, రెండు మంచాలు లెక్కపెట్టాడు, కిటికీ తెరిచి మూశాడు. చివరికి వంటింట్లోకి వెళ్ళాడు. వెనకే వీళ్ళిద్దరూ.

ఎడమవైపు నాలుగు టైల్సు ఖాళీగా ఉన్నాయి. కాయిల్ స్టవ్ ఉండాల్సిన చోట నాలుగు కాళ్ళ మరకలు మాత్రం ఉన్నాయి.

కోడలు కళ్ళు పెద్దవి చేసి అత్తగారి వైపు చూసింది. 'చూశావా, నీకోసం నాది తీసేశా' అన్నట్టు ఆవిడ గడ్డం కొంచెం పైకెత్తింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు బేసిన్ ఎత్తాడు. కిందేమీ లేదు. బేసిన్ తిప్పి లోపల కూడా చూశాడు. అక్కడా లేదు.

ఇప్పుడు కళ్ళు పెద్దవి చెయ్యడం అత్తగారి వంతు అయింది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

"స్టవ్ ఏదమ్మా?"

అత్తా కోడళ్ళిద్దరూ ఖాళీ గట్టు వైపే చూశారు.

"పొయ్యి లేని ఇంట్లో ఎవరూ కాపురం ఉండటం లేదని అర్థం. ఇల్లు పేరుకి తీసుకుని ఇంకెక్కడో ఉంటున్నారన్నమాట. పదహారో నిబంధన," అని ఆయన పెన్ను మూత తీశాడు.

"రాయకండి సార్!" కోడలు గబగబా ముందుకొచ్చింది. "రెండుండేవి. నాది నేను షాపులో దాచాను. ఆవిడది ఆవిడ..."

"సైకిల్ షాపులో ఇచ్చాను," అంది అత్తగారు నేల చూపులు చూస్తూ.

"ఒకరికొకరు చెప్పుకోలేదా?"

"మాటల్లేవు సార్, రెండు రోజుల్నించీ."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత మళ్ళీ పెట్టేశాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నాది. రెండుంటే ఒకటి దాచిన ఇళ్ళు చూశాను. మూడుంటే రెండు దాచినవీ చూశాను. ఉన్నవన్నీ దాచేసిన ఇల్లు ఇదే మొదటిసారి." మూతి బిగించాడు, కానీ మీసం కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "సరే, దాచిన సంగతి మీరే చెప్పారు కాబట్టి పదహారు పక్కన పెడతాను. పద్నాలుగు మాత్రం తప్పదు. మీకు వివాహ సంబంధం లేదు, రక్తసంబంధం లేదు. ఒకే వంట తింటున్నారా లేదా అన్నదే మిగిలింది. రెండు స్టవ్‌లున్నా ఒకరి వంట ఒకరు తింటున్నట్టు తేలితే ఒప్పుకోవచ్చు. ఇద్దర్నీ విడివిడిగా అడగాలి."

ముందు కోడల్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఆవిడ వండింది మీరు తింటారా?"

కోడలు తలుపు సరిగ్గా వేసి ఉందో లేదో చూసుకుంది. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి. "తింటాను సార్. పొద్దున్నే, ఆవిడ లేవకముందు. నేను రాత్రి తిన్న కారానికి కడుపులో మంట. ఆవిడ బీన్స్ కూర చప్పగా, మెత్తగా ఉంటుంది కదా, నాలుగు చెంచాలు తింటే చల్లబడుతుంది. అయినా మంట కోసమే అని చెప్పలేనులెండి. బావుంటుంది సార్ ఆ కూర. కానీ ఆవిడకి చెప్పకండి."

"ఆవిడ మీది తింటారా?"

ఇక్కడ అబద్ధం ఆడితే సరిపోయేది. కోడలు ఆడలేకపోయింది. "లేదు సార్. కారం ఘాటుకే కళ్ళు మూసుకుంటారు."

ఆయన ఏదో రాసుకుని, కోడల్ని అక్కడే ఉండమని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేశాడు. నిబంధన ప్రకారం ఒకరి జవాబు ఒకరికి వినపడకూడదు. ఆ నిబంధన రాసినవాడు టెలిఫోన్ ఆపరేటర్ని చూసి ఉండడు.

"దాని వంట నేను తినడమా? ఛీ ఛీ! ఆ నిప్పులు ఎవరు తింటారు!"

బాల్కనీలో కోడలు కళ్ళు మూసుకుంది. అయిపోయింది. ఊరి అవతల ఒంటిగది, ఏడేళ్ళ జాబితా, ఇరుకింట్లో కొడుకు. రోజూ ఎనిమిదిన్నరకి తాళం తీసుకుని చీకటి గదిలోకి అడుగుపెట్టడం కళ్ళ ముందు కదిలింది. ఆ ఇంట్లో ఎవరూ, "ఇంత ఆలస్యమేం?" అని అరవరు. తనకి ఆ అరుపంటే ప్రాణమని ఆ అమ్మాయికి అప్పుడే తెలిసింది.

లోపల ఇన్‌స్పెక్టరు మెల్లగా ఏదో అన్నాడు, 'ఇల్లు పోతుంది' అన్న మాట ఒక్కటే వినిపించింది. ఆ తర్వాత అత్తగారు గొంతు తగ్గించి మాట్లాడింది. ఆవిడ తగ్గించిన గొంతంటే మనలాంటివాళ్ళ మామూలు గొంతు కాబట్టి బాల్కనీలోకి అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

"తింటాను. రోజూ మధ్యాహ్నం. రాత్రికని పొద్దున్నే చేసి పెట్టుకుని వెళుతుంది కదా, అందులోంచి రెండు గరిటెలు. తగ్గినట్టు తెలియకుండా కాసిన్ని వేడినీళ్ళు కలుపుతాను."

కోడలి నోరు తెరుచుకుంది. తన కూర రోజూ ఎందుకు పలచబడుతోందో అర్థం కాక కూరగాయలవాడిని ఎన్నిసార్లు తిట్టుకుందో!

"మీకు కారం పడదటగా?"

"పడదు. ముక్కు కారిపోతుంది, కళ్ళ నీళ్ళు ధారలు కడతాయి. అయినా తింటాను. ఆ పిల్ల పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే కదండీ రావడం. పగలంతా ఇల్లు నిశ్శబ్దం. నేను ముప్పై రెండేళ్ళు చెవుల్లో వందమంది గొంతులతో బతికినదాన్ని. ఆ కూర నోట్లో పెట్టుకుంటే అది ఎదురుగా కూర్చుని నాతో పోట్లాడుతున్నట్టే ఉంటుంది. ఇది మాత్రం దానికి చెప్పొద్దు. నెత్తికెక్కి కూర్చుంటుంది."

కోడలు ఆరేసిన తువ్వాలు లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు తలుపు తెరిచి కోడల్ని లోపలికి పిలిచాడు. "ఒకే వంట అని రాస్తున్నాను. కాకపోతే సంతకానికి ముందు ఇంట్లో ఒక పొయ్యి నా కంటికి కనపడాలి. ఒకటే కనపడాలి. రెండోది మళ్ళీ ఈ వంటింట్లోకి రాకూడదు."

అత్తగారు కిటికీ తెరిచి ఒక్క కేక పెట్టింది. రెండు నిమిషాల్లో సైకిల్ షాపతను కాయిల్ స్టవ్ మోసుకొచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఇక అంతా అయిపోయినట్టే. ఇన్‌స్పెక్టరు కాగితం బల్ల మీద పరిచి, కోడలి చేత ఒక చోట సంతకం పెట్టించి, రెండో చోటు అత్తగారికి చూపించాడు. ఏది సంతకం పెట్టినా ముందు చదివే అలవాటున్న మనిషి కదా, ఆవిడ భూతద్దం తీసింది.

"'దరఖాస్తుదారుతో సంబంధము: ఇతరులు.' ఎవరండీ ఇతరులు?"

"మీరేనమ్మా."

"నేనా? దీనికి నేను ఇతరులా? అత్తగారు అని రాయండి."

"అలా రాస్తే విడాకుల కాగితం అడ్డొస్తుంది. పద్నాలుగో నిబంధన ఇతరులకే వర్తిస్తుంది. మీరు ఇతరులైతేనే ఒక కుటుంబం అవుతారు."

"ఇదెక్కడి తిరకాసండీ!" అత్తగారు పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నేను పెట్టను."

"అమ్మా, ఫైలు ఈ రోజుతో మూసెయ్యాలి."

"మూసుకోండి. కన్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా పోతే, మందులు తెస్తానని చెప్పి నన్ను ఆపింది ఇది. దీన్ని పట్టుకుని నాకేమీ కాదని నా చేత్తో నేను రాసివ్వాలా? ఇల్లు పోతే పోనివ్వండి!" ఆవిడ గొంతు వణికింది. కోడలు ఆ గొంతులో వణుకు వినడం అదే మొదటిసారి.

కోడలు ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"పెట్టండి అత్తయ్యా."

"నన్ను ఇతరులంటే నీకేమీ అనిపించడం లేదా?"

"అనిపిస్తోంది. కానీ నిజం రాస్తే మీరొక చోట, నేనొక చోట. ఈ అబద్ధం రాస్తే ఇద్దరం ఇక్కడే. మీరు లేకుండా నేనుండలేను అత్తయ్యా. ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. పెట్టండి."

అత్తగారు పెన్ను తీసుకుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా ఒత్తి సంతకం పెట్టి, ఇన్‌స్పెక్టరు వైపు తోసింది.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, మోకాలు పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక ఆగి, "మళ్ళీ నాలుగేళ్ళకి వస్తానమ్మా," అన్నాడు.

అత్తగారు గుమ్మంలోకొచ్చింది. ఒక చెయ్యి కోడలి భుజం మీద వేసి, కింద వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

"రండి! అప్పటికీ మేం ఇతరులమే!"